శంకర్: రెండు రకాల బొమ్మల మనిషి

ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ అంటే పాత్రికేయులకు పత్రికల వీధి. దేశ రాజకీయాలను రోజూ తూకం వేసే కార్యాలయాలు ఆ రోడ్డు పొడవునా వరసగా ఉంటాయి. ఆ వరసలోనే నెహ్రూ హౌస్ అనే భవనం ఉంది. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి దిగేది ఇక్కడే. లోపల నూట అరవైకి పైగా అద్దాల అరల్లో 85 దేశాల బొమ్మలు కొలువుతీరి ఉంటాయి. కథకళి వేషధారులు, జపాన్ సమురాయ్‌లు, స్పెయిన్ ఫ్లమెంకో నర్తకులు, థాయ్‌లాండ్ వాద్యకత్తెలు పక్కపక్కనే కనిపిస్తారు. మొత్తం ఆరు వేలకు పైగా బొమ్మలు. ఇన్నిటిని ఒకచోటికి చేర్చిన మనిషి బొమ్మలు చేసే కళాకారుడు కాదు, పురావస్తు పండితుడూ కాదు. వైస్రాయ్‌ల నుంచి ప్రధానమంత్రుల దాకా ఎవరినీ వదలకుండా గీసిన రాజకీయ కార్టూనిస్టు. పేరు కేశవ శంకర పిళ్లై. దేశానికి ఆయన శంకర్‌గానే తెలుసు.

తెలుగులో గీసిన చిత్రాన్నీ బొమ్మే అంటాం, పిల్లల చేతిలో ఉండేదాన్నీ బొమ్మే అంటాం. శంకర్ జీవితం ఈ రెండు అర్థాల మధ్య నడిచింది. కాగితం మీది బొమ్మలో ఆయన ముక్కు సాగదీశారు, పొట్ట పెంచారు, పెద్దమనిషిని మరుగుజ్జును చేశారు. అద్దాల అరలోని బొమ్మ విషయంలో మాత్రం చీర కుచ్చిళ్ల నుంచి చెవిపోగు దాకా అచ్చం అసలులాగే ఉండాలనుకున్నారు. మొదటి రకం బొమ్మలను అధికారం కొన్నాళ్లు మెచ్చుకుంది, తర్వాత వాటికి చోటే లేకుండా పోయింది. రెండో రకం బొమ్మలకు అదే అధికారం ఇల్లు కట్టుకోమని సలహా ఇచ్చింది. ఈ తేడాలోనే ఆయన జీవితకథ ఉంది.

కాయంకుళం కుర్రాడు

శంకర్ 1902 జులై 31న తిరువితాంకూరు సంస్థానంలోని కాయంకుళంలో పుట్టారు. కాయంకుళం, మావేలిక్కర బడుల్లో చదువుకున్నారు. తాతగారింట గడిచిన అల్లరి బాల్యాన్ని అరవై ఏళ్లు దాటాక గుర్తు చేసుకుని పిల్లల కోసం ఒక పుస్తకంగా రాశారు. ఆయన తొలి కార్టూన్ గురించి ఒక ముచ్చట చెబుతారు. తరగతిలో కునుకు తీస్తున్న మాస్టారి బొమ్మ గీశారట. ప్రధానోపాధ్యాయుడికి కోపం వచ్చింది. మేనమామ మాత్రం ఆ గీతలో పనితనం చూసి మెచ్చుకున్నాడు. ఒక బొమ్మకు ఒకరి నుంచి తిట్లు, ఇంకొకరి నుంచి మెప్పు రావడం తర్వాత యాభై ఏళ్లూ ఆయనకు మామూలైపోయింది.

బడి చదువు తర్వాత మావేలిక్కరలోని రవివర్మ చిత్రకళా పాఠశాలలో చిత్రలేఖనం నేర్చుకున్నారు. తిరువనంతపురం మహారాజా సైన్స్ కాలేజీలో 1927లో పట్టా పుచ్చుకున్నారు. నాటకాలు, స్కౌట్ దళం, వరద బాధితుల కోసం చందాల సేకరణ, అన్నిటిలోనూ ముందుండేవారు. న్యాయశాస్త్రం చదవడానికి బొంబాయి వెళ్లారు గాని ఆ చదువు మధ్యలోనే ఆగింది. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో గీసిన కార్టూన్లను ఫ్రీ ప్రెస్ జర్నల్, బాంబే క్రానికల్ పత్రికలు వేసుకున్నాయి.

ఆ గీతలు పోతన్ జోసెఫ్ కంట పడ్డాయి. మంచి పాత్రికేయులను, కార్టూనిస్టులను పసిగట్టడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. తాను సంపాదకుడిగా ఉన్న హిందుస్థాన్ టైమ్స్‌కు 1932లో శంకర్‌ను తీసుకొచ్చారు. భారతీయ దినపత్రికకు జీతమిచ్చి పెట్టుకున్న సొంత కార్టూనిస్టు ఉండడం అప్పటికి కొత్త. శంకర్ కుటుంబంతో ఢిల్లీ చేరారు. 1946 దాకా ఆ పత్రికలోనే ఉన్నారు.

కొరకని నవ్వు

ఆ పద్నాలుగేళ్లలో ఆయన గీయని పెద్దమనిషి లేడు. విల్లింగ్డన్, లిన్‌లిత్‌గో లాంటి వైస్రాయ్‌లు తమ మీద గీసిన కార్టూన్లను ఆసక్తిగా చూసేవారు. మధ్యలో సుమారు పద్నాలుగు నెలలు లండన్‌లో ఉండి అక్కడి కళాశాలల్లో గీతకు మెరుగులు పెట్టుకున్నారు. అదే ప్రయాణంలో బెర్లిన్, రోమ్, వియన్నా, జెనీవా, పారిస్ చూశారు. తిరిగొచ్చేసరికి దేశంలో స్వాతంత్ర్య పోరాటం ముమ్మరంగా ఉంది.

జిన్నా మీద ఆయన గీసిన ఒక కార్టూన్ గాంధీకి నచ్చలేదు. 1939లో గాంధీ ఆయనకు ఉత్తరం రాశారు. కళగా నీ బొమ్మలు బాగానే ఉంటాయి గాని, నొప్పించకుండా నవ్వించాలి, జరిగినదాన్ని సరిగ్గా తెలుసుకుని గీయాలి, ఎగతాళి ఎప్పుడూ కొరకకూడదు అని ఆ ఉత్తరం సారాంశం. ఒక కార్టూనిస్టుకు ఇది కష్టమైన షరతు. కొరకకపోతే కార్టూన్ చప్పబడుతుంది. గట్టిగా కొరికితే గాయమే మిగులుతుంది, నవ్వు మిగలదు. ఈ హద్దు ఎక్కడుందన్న ప్రశ్న శంకర్‌ను జీవితాంతం వదల్లేదు. చనిపోయాక కూడా వదల్లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948 మేలో ఆయన సొంతంగా శంకర్స్ వీక్లీ మొదలుపెట్టారు. తొలి సంచికను విడుదల చేసింది ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. తనను కూడా వదిలిపెట్టొద్దని ఆ సందర్భంలో ఆయన శంకర్‌ను కోరారని చెబుతారు. శంకర్ ఆ కోరికను మనస్ఫూర్తిగా తీర్చారు. నెహ్రూను సర్కసు మనిషిగా, బడి పిల్లాడిగా, ఆడ వేషంలో, చివరికి బట్టల్లేకుండా కూడా గీశారు. అలాంటి కార్టూన్లలో సుమారు నాలుగు వందలు 1983లో ఒక సంపుటంగా వచ్చాయి. ఇద్దరి స్నేహం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ వారపత్రిక ఒక బడిలా కూడా పనిచేసింది. అబూ అబ్రహాం, ఓ.వి.విజయన్, యేసుదాసన్ లాంటివారు అక్కడ గీసి చెయ్యి తిప్పుకున్నవారే. వాళ్లకంటే ముందే కుట్టి శంకర్ దగ్గర శిష్యరికం చేశారు. భారతీయ కార్టూన్ చరిత్రలో కేరళవాళ్లు అంతమంది కనిపించడానికి ఒక కారణం ఈ ఒక్క మనిషి నడిపిన కార్యాలయం.

హంగరీ నుంచి వచ్చిన బొమ్మ

వీక్లీ పెట్టిన మరుసటి సంవత్సరమే, 1949లో, శంకర్ పిల్లల కోసం చిత్రలేఖన, రచనల పోటీ మొదలుపెట్టారు. కొద్ది కాలంలోనే అది అంతర్జాతీయ పోటీ అయింది. విదేశాల పిల్లలు గీసిన బొమ్మలు కట్టలు కట్టలుగా ఢిల్లీకి రావడం మొదలైంది. ఆ పోటీ కారణంగానే రాయబార కార్యాలయాలతో శంకర్‌కు పరిచయాలు పెరిగాయి.

1950ల తొలి రోజుల్లో హంగరీ రాయబారి ఒక బొమ్మను తెచ్చి, పోటీలో బహుమతిగా ఇవ్వమని శంకర్ చేతిలో పెట్టారు. హంగరీ సంప్రదాయ దుస్తుల్లో ఉన్న బొమ్మ అది. శంకర్ ఆ బొమ్మ మీద మనసు పారేసుకున్నారు. ఒక దేశం ఎలా ఉంటుందో, ఎలా ముస్తాబవుతుందో ఒక పిల్లవాడికి చెప్పాలంటే ఇంతకంటే మంచి పాఠం ఏముంటుందని ఆయనకు తోచింది. ప్రపంచంలోని అన్ని దేశాల బొమ్మలనూ పోగేయాలన్న కోరిక అక్కడ పుట్టింది.

దానికి ఆయన వృత్తే దారి చూపింది. నెహ్రూ విదేశీ పర్యటనలకు వెళ్లినప్పుడు వెంట వెళ్లే పాత్రికేయుల బృందంలో శంకర్ ఉండేవారు. వెళ్లిన ప్రతి దేశం నుంచీ బొమ్మలు తెచ్చేవారు. చర్చలు, ప్రకటనలు, విందుల మధ్య ఒక కార్టూనిస్టు బొమ్మల దుకాణాలు వెతుక్కుంటూ తిరగడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఆయన చేస్తున్న రెండు పనుల్లోనూ ఉన్నది ఒకటే. మనిషి ఎలా నిలబడతాడు, ఏం కట్టుకుంటాడు, ఏ ఒక్క గుర్తు పెడితే చూసేవాళ్లు ఫలానా అని పోల్చుకుంటారు అన్న పరిశీలన. గాంధీకి కళ్లద్దాలు, నెహ్రూకి షేర్వాణీ మీది గులాబీ ఎలాంటివో, ఒక ప్రాంతపు బొమ్మకు తలపాగా చుట్టిన తీరు అలాంటిది.

అసలు, నకలు

బొమ్మలు పోగేసేవాళ్లకు ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. చేతిలో ఉన్న బొమ్మ ఎవరి పని? ఆ ఊరి మనిషి తన ఊరి మనిషిని చూసి చేసిందా, లేక ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చు పోసి, గుడ్డ చుట్టి, పేరు తగిలించిందా? శంకర్ బొమ్మలు కూడబెడుతున్న కాలంలో ఈ ప్రశ్న బాగా పదునెక్కింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గట్టి ప్లాస్టిక్ బొమ్మలు మార్కెట్‌ను ముంచెత్తాయి. హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మల తయారీకి పెద్ద కేంద్రంగా ఎదిగింది. ఒకే అచ్చులో పోసిన ఒకే శరీరానికి, ఒకే ముఖానికి గౌను తొడిగితే ఒక దేశం, పావడా కడితే ఇంకో దేశం. పర్యాటకులు కొనుక్కెళ్లే జాతీయ వేషధారణ బొమ్మల్లో చాలావాటి కథ ఇదే.

ఒక ప్లాస్టిక్ బొమ్మను చూసి ఇంకో తయారీదారు నకలు తీయడం కూడా మామూలే. అసలు బొమ్మనే మూసగా పెట్టి కొత్త అచ్చు చేస్తారు. అలా చేసిన నకలు అసలు కంటే కాస్త చిన్నదవుతుంది. కనురెప్పల గీత, వేళ్ల మధ్య సందు, గుండీల అంచు లాంటి సన్న పనితనం మొద్దుబారుతుంది. ఆ నకలుకు మళ్లీ నకలు తీస్తే ముఖం మరీ నున్నబడుతుంది. పక్కల వెంట అచ్చు అతుకు గీత ఎలా ఉంది, మెడ వెనక తయారీదారు గుర్తు మిగిలిందా చెరిపేశారా, రంగు కంటి గుంటలో కుదురుగా కూర్చుందా పక్కకు జరిగిందా అని చూసి, పోగేసేవాళ్లు అసలు ఏదో నకలు ఏదో తేల్చుకుంటారు. రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇవి కంటికి ఆనవు. పోల్చడం వల్లనే చూపు పదునెక్కుతుంది.

వేషధారణ బొమ్మకు ఇంకో రకం పరీక్ష కూడా ఉంది. ఆ బొమ్మ కూడా ఒక నకలే, అది మనిషికి నకలు. కట్టు ఎటువైపు తిరిగింది, నగ ఏ చేతికి ఉంది, రంగు పెళ్లిదా పండగదా అన్నవి తప్పితే ముఖం ఎంత అందంగా ఉన్నా ఆ బొమ్మ అబద్ధమే చెబుతుంది. శంకర్ బొమ్మల విషయంలో పట్టుబట్టింది ఇక్కడే.

సేకరణ ఐదు వందలకు చేరాక అది ఇంట్లో ఉండిపోకూడదనుకున్నారు. పిల్లల చిత్రాలతో పాటు బొమ్మలనూ ఊరూరా ప్రదర్శనకు పెట్టారు. కట్టడం, విప్పడం, రైళ్లలో ఎక్కించి దించడం వల్ల బొమ్మలు దెబ్బతినేవి. ఢిల్లీలో జరిగిన ఒక ప్రదర్శనకు నెహ్రూ తన కూతురు ఇందిరతో కలిసి వచ్చారు. శంకర్ తన కష్టం చెప్పుకున్నారు. ఈ బొమ్మలకు శాశ్వతంగా ఒక చోటు ఉండాలన్న ఆలోచన చెప్పింది ఇందిరా గాంధీ.

బొమ్మకు బదులు బొమ్మ

అప్పటికే 1957లో శంకర్ చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును స్థాపించారు. మన పిల్లల చేతిలో మన కథలు, మన ముఖాలున్న బొమ్మల పుస్తకాలు అందుబాటు ధరలో ఉండాలన్నది దాని లక్ష్యం. రాసేవాళ్లనూ గీసేవాళ్లనూ వెతికి పట్టుకోవడం, అచ్చువేయడం అన్నీ ఒక్కచోటే జరిగేలా చూశారు. ఆ ట్రస్టు కోసం కట్టిన నెహ్రూ హౌస్‌లోనే బొమ్మలకూ చోటు దొరికింది. పిల్లల గ్రంథాలయం కూడా అక్కడే వెలిసింది. 1968లో చిల్డ్రన్స్ వరల్డ్ అనే పిల్లల పత్రిక మొదలైంది.

బొమ్మల మ్యూజియాన్ని 1965 నవంబర్ 30న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా తెలుగువారికి దగ్గరైన తత్వవేత్త ఆయన. మొదటి రోజున అక్కడున్నవి సుమారు వెయ్యి బొమ్మలు. నెహ్రూ అప్పటికే లేరు. అంతకు ఏడాదిన్నర ముందు కన్నుమూశారు.

వెయ్యి బొమ్మలు 1987 నాటికి ఐదు వేలు ఎలా అయ్యాయన్నదే అసలు విశేషం. అన్నీ డబ్బిచ్చి కొన్నవి కావు. మ్యూజియానికి అనుబంధంగా శంకర్ ఒక బొమ్మల తయారీశాల పెట్టారు. దేశంలోని వివిధ ప్రాంతాల కట్టూబొట్టూ, నగలూ అధ్యయనం చేసి, చేత్తో బొమ్మలు చేసే చోటు అది. రాష్ట్రాల వధూవరులు, నాట్య భంగిమలు, ఊరి మనుషులు కలిపి సుమారు 150 రకాల భారతీయ వేషధారణ బొమ్మలు అక్కడ తయారయ్యాయి. ఏ దేశమైనా బొమ్మలు కానుకగా పంపితే, బదులుగా ఈ బొమ్మలు వెళ్లేవి.

అంటే మిగతా దేశాలు తమను తాము ఎలా చూపించుకున్నాయో శంకర్ పోగేశారు. బదులుగా భారతదేశం తనను తాను ఎలా చూపించుకోవాలో ఆయన నిర్ణయించాల్సి వచ్చింది. ఇది చిన్న బాధ్యతేం కాదు. ఒక రాష్ట్రానికి ఒక పెళ్లికూతురు బొమ్మ చేస్తే, ఆ రాష్ట్రంలో వంద రకాలుగా చీర కట్టేవాళ్లలో ఎవరి కట్టు అరలోకి ఎక్కుతుంది? మిగతా తొంభై తొమ్మిది ఏమవుతాయి? కొండపల్లి బొమ్మల్లో కల్లుగీత కార్మికుడు, ధాన్యం దంచే ఆడమనిషి, బండివాడు కనిపిస్తారు. తెల్లపొణికి చెక్క మీద ఊళ్లో కనిపించే జనాన్నే చెక్కి రంగులద్దుతారు. జాతీయ వేషధారణ బొమ్మ మాత్రం ఎప్పుడూ పండగ బట్టల్లోనే ఉంటుంది, దానికి కూలి పనీ ఆకలీ ఉండవు. ఈ పరిమితి శంకర్ మ్యూజియానికే కాదు, ప్రపంచంలోని అన్ని వేషధారణ బొమ్మలకూ ఉన్నదే.

అయితే పక్కపక్కన పేర్చడంలో ఒక మేలు ఉంది. జపాన్ ఆడపిల్లల పండగకు మెట్ల మీద రాజునూ రాణినీ పరివారాన్నీ నిలబెట్టే బొమ్మల వరసను అక్కడ చూసిన తెలుగు పిల్లకు మన ఇంటి సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తు రాకుండా ఉండదు. ఎక్కడో దూరాన ఉన్న వాళ్లూ మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారని తెలిశాక, ఆ దేశం పాఠ్యపుస్తకంలో ఒక పేరుగా మాత్రమే మిగలదు. శంకర్ కోరుకున్న పాఠం ఇదే.

1980లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో జరిగిన బొమ్మల ద్వైవార్షిక ప్రదర్శనలో ఈ తయారీశాల బొమ్మలకు మొదటి బహుమతిగా బంగారు నెమలి ఈక దక్కింది. అంతకు మూడేళ్ల ముందే, 1977లో, పోలండ్ పిల్లల కమిటీ శంకర్‌కు ఆర్డర్ ఆఫ్ స్మైల్ అనే గౌరవం ఇచ్చింది. పేరులోనే చిరునవ్వు ఉన్న ఆ పురస్కారం ఆయనను చేరేనాటికి, నవ్వు కోసం పెట్టిన ఆయన సొంత పత్రిక మూతపడి రెండేళ్లు కావస్తోంది.

నవ్వు ఆగిన ఆగస్టు

1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. పత్రికల మీద సెన్సార్‌షిప్ వచ్చింది. ఏది అచ్చు వేయవచ్చో ప్రభుత్వ అధికారులు చెప్పే రోజులవి. వార్తనైతే కత్తిరించి ఒక ముక్క వేసుకోవచ్చు. కార్టూన్‌ను అలా సగం కోసి వేయడం కుదరదు. దాని ప్రాణమే చూసేవాడు నోటితో చెప్పకుండా గ్రహించే అర్థంలో ఉంటుంది. సెన్సార్ అధికారి భయపడేది కూడా దానికే.

శంకర్స్ వీక్లీ చివరి సంచిక 1975 ఆగస్టు 31న వచ్చింది. ఇరవై ఏడేళ్ల పత్రిక ఆగిపోయింది. ఆ సంచికలో రాసిన వీడ్కోలు సంపాదకీయంలో ఆయన అత్యవసర పరిస్థితి పేరు పట్టుకుని దండెత్తలేదు. నియంతలు నవ్వును భరించలేరని, ఎందుకంటే జనం నియంతను చూసే నవ్వుతారని, హిట్లర్ ఏలిన కాలంలో మంచి హాస్య నాటకం గానీ మంచి కార్టూన్ గానీ పుట్టలేదని గుర్తు చేశారు. చదివినవాళ్లకు చాలినంత అర్థమైంది.

ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. బొమ్మలకు శాశ్వత నివాసం కల్పించాలని సూచించింది ఇందిరా గాంధీ. కార్టూన్లకు బతుకు లేకుండా చేసిన రోజులు కూడా ఆమె పాలనలోవే. అత్యవసర పరిస్థితి నడుస్తుండగానే, 1976లో, శంకర్‌కు పద్మవిభూషణ్ ప్రకటించారు. అంతకు ముందు 1956లో పద్మశ్రీ, 1966లో పద్మభూషణ్ వచ్చాయి. నెహ్రూ తండ్రిగా, ప్రధానిగా తన మీద గీసిన కార్టూన్లు చూసి నవ్వారు. ఆయన కూతురి కాలానికి వచ్చేసరికి ప్రభుత్వం కార్టూనిస్టును సత్కరించగలిగింది గాని కార్టూన్‌ను సహించలేకపోయింది.

నెహ్రూ హౌస్‌లో బొమ్మలు మాత్రం యథాతథంగా ఉన్నాయి. వాటిని ఏ అధికారీ వచ్చి తనిఖీ చేయలేదు. పండగ బట్టల్లో చిరునవ్వుతో నిలబడ్డ బొమ్మ ఎవరినీ నొప్పించదు. శంకర్ బొమ్మల్లో తలదాచుకున్నారని అనుకోవడానికి ఆస్కారం ఉంది గాని, తేదీలు ఆ మాటను ఒప్పుకోవు. పిల్లల పోటీ, పుస్తకాల ట్రస్టు, మ్యూజియం, పిల్లల పత్రిక అన్నీ 1975కు చాలా ముందే మొదలయ్యాయి. కార్టూన్లు గీయగలిగిన రోజుల్లోనే ఆయన రెండో పని కూడా చేసుకుంటూ వచ్చారు. మొదటిది ఆగిపోయినప్పుడు రెండోది మిగిలింది. పెద్దవాళ్లను నవ్వించే పని ఆగినా, పిల్లలకు ప్రపంచాన్ని చూపించే పని ఆగలేదు.

ఆయన చేతికింద పెరిగినవాళ్లు కూడా చేతులు ముడుచుకోలేదు. అత్యవసర పరిస్థితిలోనే, రాష్ట్రపతి స్నానాల తొట్టెలో కూర్చుని ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడుతున్నట్టు అబూ అబ్రహాం గీసిన కార్టూన్ ఆ కాలానికే గుర్తుగా నిలిచిపోయింది.

ఒక నత్త బొమ్మ, అరవై మూడేళ్ల తర్వాత

శంకర్ 1989 డిసెంబర్ 26న 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1991లో తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపులు విడుదల చేసింది. కథ అక్కడితో ముగిసినట్టే కనిపించింది. కానీ 2012 మేలో ఆయన పేరు పార్లమెంటులో గట్టిగా వినిపించింది. కారణం 1949 ఆగస్టు 28న వీక్లీలో వచ్చిన ఒక కార్టూన్. రాజ్యాంగ రచన నెమ్మదిగా సాగుతోందన్న విమర్శ మీద గీసిందది. రాజ్యాంగం ఒక నత్త, దాని మీద అంబేడ్కర్, వెనక కొరడా ఎత్తిన నెహ్రూ, చుట్టూ చూస్తున్న జనం. 2006లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలో దాన్ని చేర్చారు. ఆరేళ్ల తర్వాత దుమారం లేచింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, ఆ కార్టూన్‌ను తొలగిస్తామని ప్రకటించింది. పాఠ్యపుస్తకానికి ముఖ్య సలహాదారులుగా ఉన్న ఇద్దరు పండితులు పదవులకు రాజీనామా చేశారు.

నెహ్రూ కొరడా నత్త మీదికే ఎత్తాడని, ఇద్దరూ కలిసి నత్తనే తోలుతున్నారని ఒక వాదన. దళితుడైన అంబేడ్కర్ వెనక కొరడాతో ఒక బ్రాహ్మణుడు నిలబడితే, తరతరాలుగా వీపు మీద దెబ్బలు తిన్నవాళ్లకు అది ఎలా కనిపిస్తుందో గీసిన చెయ్యి ఆలోచించలేదని ఇంకో వాదన. రెండో వాదనను కార్టూన్ల పట్ల అసహనం అని కొట్టిపారేయడం తేలిక, కానీ అది న్యాయం కాదు. ఒక బొమ్మను ఎవరు చూస్తున్నారన్న దాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. 1949లో ఆంగ్ల వారపత్రిక చదివే కొద్దిమందికి ఒకలా కనిపించిన బొమ్మ, 2012లో దళిత విద్యార్థి చేతిలోని పాఠ్యపుస్తకంలో మరోలా కనిపించింది. అదే సమయంలో, చర్చించి పాఠంగా మలచుకోవాల్సిన బొమ్మను చించేస్తే నేర్చుకునేది ఏమీ మిగలదు. ఎగతాళి కొరకకూడదన్న గాంధీ మాట ఎవరి ఒంటి మీద పంటిగాటు పడిందన్న ప్రశ్నగా ఇన్నాళ్లకు తిరిగొచ్చింది.

రెండు ఊళ్లు, రెండు మ్యూజియాలు

ఇప్పుడు శంకర్ జ్ఞాపకం రెండు చోట్ల ఉంది. పుట్టిన కాయంకుళం దగ్గర కృష్ణపురంలో ఆయన పేరిట కార్టూన్ మ్యూజియం ఉంది. పనిచేసిన ఢిల్లీలో బొమ్మల మ్యూజియం ఉంది. ఒకచోట ఆయన వంకర తిప్పి గీసిన మనుషులు, ఇంకోచోట వంకర లేకుండా నిలబెట్టిన మనుషులు. ఈ రెండూ కలిపి చూస్తేనే ఆయన పూర్తిగా కనిపిస్తారు.

అచ్చు ప్లాస్టిక్ బొమ్మలు సంతలో, బస్టాండులో కుప్పలుగా అమ్ముడయ్యే ఈ రోజుల్లో నెహ్రూ హౌస్ అరల ముందు నిలబడ్డ పిల్లవాడు చేసే పని చిన్నదే. రెండు బొమ్మలను మార్చి మార్చి చూస్తాడు. ఈ టోపీ ఇలా ఎందుకుంది, ఆ పావడా అలా ఎందుకుంది అని అడుగుతాడు. తేడా కనిపెట్టడం, దాని కారణం అడగడం, అసలు ఏదో నకలు ఏదో పట్టుకోవడం పౌరుడికి కూడా కావలసిన చూపే. కార్టూన్ చూసి నవ్వగలిగేవాడికి ఉండాల్సిందీ అదే చూపు. తరగతిలో కునుకు తీసే మాస్టారిని చూసి బొమ్మ గీసిన కాయంకుళం కుర్రాడు జీవితాంతం ఆ చూపునే రెండు దారుల్లో పంచుతూ వెళ్లాడు. ఒక దారి 1975 ఆగస్టులో మూతపడింది. రెండో దారిలో బడి బస్సులు ఇప్పటికీ ఆగుతున్నాయి.